విధానం మారింది, పుల్ మారలేదు: ఒక గిట్ కాన్ఫిగ్ గైడ్‌ను తిరగరాసిన కేసు

నేపథ్యం

ఈ కేసు కొన్ని పదుల మంది డెవలపర్లున్న ఒక సాఫ్ట్‌వేర్ టీమ్‌ది. విండోస్, మాక్, లినక్స్ మూడూ వాడతారు. గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే ప్రోగ్రామ్) వెర్షన్ కూడా అందరిదీ ఒకటి కాదు. పాత బిల్డ్ సర్వర్లలో 2.25, కొత్త ల్యాప్‌టాప్‌లలో 2.40 దాటినవి ఉన్నాయి. టీమ్‌ను గుర్తుపట్టే వివరాలు తీసేశాం, బ్రాంచ్ (కోడ్ చరిత్రలో విడిగా సాగే శాఖ) పేర్లు మార్చాం.

గిట్ సెటప్ కోసం వాళ్లకు సొంత గైడ్ ఒకటి ఉండేది. నాలుగు నిలువు వరుసల పట్టిక: ఆప్షన్ పేరు, పెట్టాల్సిన విలువ, డీఫాల్ట్, ఒక్క వాక్యం వివరణ. కొత్తగా చేరినవాళ్లు పైనుంచి కిందిదాకా కాపీ చేసి టెర్మినల్లో అతికించేవారు. చాలా టీముల్లో ఉండేది ఇలాంటి పట్టికే. పెట్టిన విలువను మళ్లీ మార్చాల్సిన అవసరం రానంత కాలం ఇందులో లోపం ఎవరికీ కనబడదు.

ఇక్కడ ఆ అవసరం వచ్చింది. మొదట్లో హిస్టరీ ఒకే గీతలా ఉండాలని, అంటే పుల్ చేసినప్పుడు కమిట్లను (భద్రపరిచిన మార్పులను) ఒకే వరుసలో మళ్లీ పేర్చే రీబేస్ జరగాలని, బ్రాంచ్.ఆటోసెటప్‌రీబేస్ = ఆల్వేస్ పెట్టుకోమని గైడ్ చెప్పేది. తర్వాత రిలీజ్ పద్ధతి మారింది. ఫీచర్ బ్రాంచ్‌ను రిలీజ్ బ్రాంచ్‌లోకి మెర్జ్ కమిట్‌తోనే (రెండు బ్రాంచ్‌లు కలిసినట్టు నమోదు చేసే కమిట్‌తోనే) కలపాలని, ఏ ఫీచర్ ఏ రిలీజ్‌లో చేరిందో ఆ మెర్జ్ కమిట్లను బట్టే లెక్క తీయాలని నిర్ణయించారు. దాని ప్రకారం గైడ్‌లో రెండు విలువలు మార్చారు: బ్రాంచ్.ఆటోసెటప్‌రీబేస్ = నెవర్, పుల్.రీబేస్ = ఫాల్స్. అందరికీ చెప్పారు. అందరూ మార్చుకున్నారు కూడా.

వచ్చిన సమస్య

కొన్నాళ్లకు, మెర్జ్ కమిట్లు మాయమవుతున్నాయని ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒక ఉదాహరణను దగ్గరగా చూస్తే సంగతి అర్థమవుతుంది.

డెవలపర్ రిలీజ్-4.2 బ్రాంచ్‌లో ఉండి "గిట్ మెర్జ్ --నో-ఎఫ్ఎఫ్ ఫీచర్-లాగిన్" అన్నాడు. మెర్జ్ కమిట్ పుట్టింది. పుష్ చేస్తే (తన కమిట్లను సర్వర్‌కు పంపితే) సర్వర్ తిప్పికొట్టింది, ఎందుకంటే ఈలోగా ఇంకెవరో పుష్ చేశారు. పుల్ చేశాడు, అంటే సర్వర్లోని కొత్త మార్పులు తెచ్చి తనవాటితో కలిపాడు. కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోట రెండు మార్పులు ఢీకొనడం) రాలేదు. మళ్లీ పుష్ చేశాడు, వెళ్లిపోయింది. సర్వర్లో చూస్తే మెర్జ్ కమిట్ లేదు. ఫీచర్-లాగిన్‌లోని కమిట్లన్నీ కొత్త హ్యాష్‌లతో (కమిట్ గుర్తింపు కోడ్‌లతో) రిలీజ్ బ్రాంచ్ మీద వరసగా పేర్చి ఉన్నాయి.

మామూలు రీబేస్ చేసే పని ఇదే. మెర్జ్ కమిట్లను వదిలేసి, వాటి వెనకున్న కమిట్లను ఒకే వరుసలో మళ్లీ వేస్తుంది. నష్టం అక్కడితో ఆగదు. ఫీచర్-లాగిన్ బ్రాంచ్‌లో పాత హ్యాష్‌లే మిగిలాయి కాబట్టి "గిట్ బ్రాంచ్ --మెర్జ్‌డ్" ఆ బ్రాంచ్ ఇంకా కలవలేదనే చెబుతుంది. ఆ మాట నమ్మి ఇంకోసారి కలిపితే ఒకే మార్పు రెండు హ్యాష్‌లతో హిస్టరీలోకి వచ్చి చేరుతుంది.

అంటే విధానం మెర్జ్ అంటోంది, పుల్ మాత్రం రీబేసే చేస్తోంది. అది కూడా అందరికీ కాదు. ఒకే మనిషి ల్యాప్‌టాప్‌లో ఒక రిపో (కోడ్, దాని చరిత్ర కలిసి ఉండే ఫోల్డర్) సవ్యంగా ఉంటే ఇంకోటి లేదు. ఒకే రిపోలో రిలీజ్-4.2 రీబేస్ అవుతుంటే రిలీజ్-4.3 సరిగ్గా మెర్జ్ అవుతోంది. అసలు ఆధారం ఈ చివరిదే. తేడా బ్రాంచ్‌బ్రాంచ్‌కీ వస్తోందంటే కారణం యంత్రంలోనో వెర్షన్‌లోనో ఉండదు, బ్రాంచ్ పేరుతో ఎక్కడో ఏదో రాసి ఉండాలి. కానీ టీమ్ కన్ను ముందు వెర్షన్ మీద పడింది.

చేసి చూసినవి, ఎందుకు కుదరలేదు

తొలి అనుమానం పాత గిట్ మీద. దానికి కారణం లేకపోలేదు. పుల్ ప్రవర్తన వెర్షన్‌ను బట్టి నిజంగానే మారింది. పుల్.రీబేస్ గానీ పుల్.ఎఫ్ఎఫ్ గానీ పెట్టకపోతే 2020లో వచ్చిన 2.27 నుంచి హెచ్చరిక వచ్చేది. 2021లో వచ్చిన 2.33.1 నుంచి, రెండు వైపులా కమిట్లుంటే ఎలా కలపాలో చెప్పమని పుల్ ఆగిపోతుంది. కానీ ఇక్కడ ఫిర్యాదు చేసినవాళ్లలో అందరూ పుల్.రీబేస్ పెట్టుకున్నవాళ్లే. అప్‌గ్రేడ్ చేసినా లక్షణం పోలేదు.

రెండోది సెటప్ స్క్రిప్ట్. చేత్తో అతికిస్తే ఏదో ఒక లైను జారిపోతుందని, గైడ్‌లోని విలువలన్నిటినీ "గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్"తో రాసే స్క్రిప్ట్ పంచారు. సమస్య అలాగే ఉండిపోగా కొత్తది ఒకటి తోడైంది. క్రెడెన్షియల్.హెల్పర్ లాంటి కొన్ని ఆప్షన్లు ఒకటికంటే ఎక్కువసార్లు ఉండొచ్చు. అప్పటికే రెండు లైన్లున్న చోట మామూలుగా ఒక విలువ పెట్టబోతే, బహుళ విలువల మీద ఒక్కటి రాయలేనని గిట్ ఎగ్జిట్ కోడ్ 5తో బయటికి వస్తుంది. స్క్రిప్ట్ సగంలో ఆగింది. దాన్ని తప్పించడానికి --యాడ్ వాడితే, స్క్రిప్ట్ నడిపినప్పుడల్లా ఇంకో లైను చేరింది. ఏ ఆప్షన్ ఒకే విలువది, ఏది పోగుపడేది అన్న ముక్క పట్టికలో లేదు, అందుకే స్క్రిప్ట్ రాసినవాళ్లకూ అది తట్టలేదు.

మూడోది సిస్టమ్ ఫైలు. అడ్మిన్ హక్కుతో /ఈటీసీ/గిట్‌కాన్ఫిగ్‌లో పెడితే అందరికీ ఒకేలా వర్తిస్తుందన్న ఆలోచన. ఇది తలకిందుల ఆలోచన. గిట్ ముందు సిస్టమ్ ఫైలు చదివి, తర్వాత గ్లోబల్ (ఆ యూజర్ సొంత ఫైలు), తర్వాత రిపో ఫైలు, చివర్లో కమాండ్‌తో పాటు ఇచ్చినవి చదువుతుంది. ఒకే విలువ ఉండాల్సిన చోట చివర చదివినదే నిలుస్తుంది. అంటే సిస్టమ్ ఫైలు మాట అన్నిటికంటే బలహీనం. పైగా ఆ ఫైలు దారి గిట్‌ను ఎక్కడ ఇన్‌స్టాల్ చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒకే యంత్రంలో రెండు గిట్‌లుంటే అవి రెండు వేర్వేరు సిస్టమ్ ఫైళ్లు చదవొచ్చు.

నాలుగోది వివరణ పెంచడం. మాన్యువల్లోని పేరాలు తెచ్చి గడుల్లో నింపారు. పట్టిక పొడుగైంది. చదివేవాళ్లు తగ్గారు.

వీటన్నిటి మధ్య ఎవరో కనిపెట్టిన నాటువైద్యం ఒకటి పనిచేసింది: రిపోను తుడిచేసి మళ్లీ క్లోన్ చేయడం, అంటే సర్వర్ నుంచి మొత్తం కొత్తగా తెచ్చుకోవడం. ఎందుకు పనిచేస్తుందో తెలియకుండానే అది వాడుకలోకి వచ్చేసింది. పుష్ చేయని బ్రాంచ్‌లు, స్టాష్‌లు (పక్కన దాచిన సగం పనులు), లోకల్ హుక్‌లు (గిట్ తనంతట తాను నడిపే స్క్రిప్ట్‌లు) అన్నీ దాంతో పాటే పోతాయి. ఇలాంటి చిట్కా అసలుకే ఎసరు పెడుతుంది. కానీ అది పనిచేసిందన్న సంగతి మాత్రం విలువైన ఆధారం. గ్లోబల్ ఫైలును ముట్టుకోకుండా రిపోను మాత్రమే మార్చితే సమస్య పోయిందంటే, దోషం రిపో సొంత ఫైల్లో ఉన్నట్టే.

కారణం ఎలా దొరికింది

అప్పటిదాకా అందరూ సరిచూసుకున్న తీరు "గిట్ కాన్ఫిగ్ పుల్.రీబేస్". ఫాల్స్ అని జవాబు వచ్చేది. జవాబు నిజమే, ప్రశ్నే సరైనది కాదు. ఒక కీ విలువ అడిగితే గిట్ ఆ కీ సంగతే చెబుతుంది. పుల్ ఇంకే కీలు చూస్తుందో చెప్పదు. అందుకని ప్రశ్నను వెడల్పు చేశాం:

గిట్ కాన్ఫిగ్ --షో-స్కోప్ --షో-ఆరిజిన్ --గెట్-రెజెక్స్‌పీ రీబేస్

పేరులో రీబేస్ అనే ముక్క ఉన్న ప్రతి కీనీ, అది ఏ స్థాయిలో ఉందో, ఏ ఫైలు నుంచి వచ్చిందో దాంతో సహా ఇది చూపిస్తుంది. బాగోలేని రిపోలో వచ్చిన జవాబులో పనికొచ్చే లైన్లు ఇవి:

గ్లోబల్ · ~/.గిట్‌కాన్ఫిగ్ · బ్రాంచ్.ఆటోసెటప్‌రీబేస్ నెవర్
గ్లోబల్ · ~/.గిట్‌కాన్ఫిగ్ · పుల్.రీబేస్ ఫాల్స్
లోకల్ · .గిట్/కాన్ఫిగ్ · బ్రాంచ్.రిలీజ్-4.2.రీబేస్ ట్రూ

మూడో లైను ఎవరూ చేత్తో రాసింది కాదు. బ్రాంచ్.ఆటోసెటప్‌రీబేస్ పుల్ చేసేటప్పుడు చదివే ఆప్షన్ కాదు. క్లోన్, స్విచ్, చెక్‌అవుట్, బ్రాంచ్ కమాండ్‌లలో ఏదైనా ఒక ట్రాకింగ్ బ్రాంచ్‌ను (ఇంకో బ్రాంచ్‌కు జతపడిన బ్రాంచ్‌ను) తయారుచేసే క్షణంలో గిట్ దాన్ని ఒక్కసారి చూస్తుంది. ఆల్వేస్ అని ఉంటే ఆ బ్రాంచ్ పేరు మీద రీబేస్ = ట్రూ అని రిపో ఫైల్లో రాసేస్తుంది. తర్వాత ఆల్వేస్‌ను నెవర్‌గా మార్చినా, ఆ ఆప్షన్‌నే తీసేసినా, రాసిన లైను చెక్కుచెదరదు. విధానం మారకముందు పుట్టిన రిలీజ్-4.2కి ఆ లైను ఉంది, తర్వాత పుట్టిన రిలీజ్-4.3కి లేదు. కొత్తగా క్లోన్ చేస్తే పోవడానికీ ఇదే కారణం.

ఇంకో సంగతి గట్టిగా చెప్పుకోవాలి. లోకల్ ఫైలు గ్లోబల్ ఫైలును ఓడిస్తుందని గిట్ వాడేవాళ్లలో చాలామందికి తెలుసు. కానీ ఇక్కడ జరిగింది అది కాదు. ఆ నియమం ఒకే కీ రెండు ఫైళ్లలో ఉన్నప్పటిది. ఇవి రెండు వేర్వేరు కీలు. పుల్ ముందుగా ప్రస్తుత బ్రాంచ్ పేరు మీదున్న రీబేస్ కీ చూస్తుంది, అది లేకపోతేనే పుల్.రీబేస్ దాకా వస్తుంది. ఏది ఏ ఫైల్లో ఉందన్నది ఈ నిర్ణయంలో లెక్కకే రాదు. అందుకే "గిట్ -సి పుల్.రీబేస్=ఫాల్స్ పుల్" అని కమాండ్ లైన్లోనే ఇచ్చినా రిలీజ్-4.2 రీబేసే అవుతుంది. కమాండ్ లైన్లో ఇచ్చాను కాబట్టి నా మాటే చెల్లుతుందనుకున్నవాళ్లు ఇక్కడే బోల్తాపడ్డారు. "గిట్ పుల్ --నో-రీబేస్" అంటే మాత్రం చెల్లుతుంది, ఎందుకంటే అది కాన్ఫిగ్ విలువ కాదు, పుల్ కమాండ్‌కే ఉన్న సొంత ఆప్షన్. పుల్ దాన్ని చూశాక కాన్ఫిగ్‌ను అడగదు.

కాబట్టి గైడ్‌లో రెండు వరుసలు విడివిడిగా చెప్పాలి. ఒకే కీ విషయంలో ఏ ఫైలు నెగ్గుతుంది అన్నది ఒకటి. ఒకే పనిని శాసించే కీలలో ఏది నెగ్గుతుంది అన్నది రెండోది. మొదటిది గిట్ మొత్తానికీ ఒకటే, ఒక్కసారి రాస్తే సరిపోతుంది. రెండోది ప్రతి ఆప్షన్‌కూ వేరు, ప్రతిచోటా రాయాల్సిందే.

సరిచేసిన తీరు

ముందు ఉన్న రిపోలను శుభ్రం చేయాలి. బ్రాంచ్.రిలీజ్-4.2.రీబేస్‌ను ఫాల్స్‌గా మారిస్తే సరిపోదా అని మొదటి ప్రతిపాదన. వద్దనడానికి కారణం ఉంది. ఫాల్స్ అని రాసినా అది ఆ బ్రాంచ్‌కు అంటుకుపోయిన మాటే అవుతుంది. రేపు విధానం మళ్లీ మారితే ఇదే తలనొప్పి తిరగబడుతుంది. కీని తీసేస్తే బ్రాంచ్ పుల్.రీబేస్ మాట వినడం మొదలుపెడుతుంది. అందుకే --అన్‌సెట్.

పుల్.రీబేస్ = మెర్జెస్ పెడితే రీబేస్ చేస్తూనే మెర్జ్ కమిట్లను ఉంచుకోవచ్చు కదా అన్న మాటా వచ్చింది. నిజమే, కానీ అది మెర్జ్ కమిట్‌ను కొత్తగా మళ్లీ తయారుచేస్తుంది. అంతకుముందు చేత్తో పరిష్కరించిన కాన్‌ఫ్లిక్ట్‌లను మళ్లీ పరిష్కరించాల్సి రావచ్చు. రిలీజ్ రోజున అలాంటి పని ఎవరికీ అక్కర్లేదు, కాబట్టి పక్కనపెట్టారు.

తీసేసే స్క్రిప్ట్ చూడటానికి చిన్నదే, కానీ జారిపడే చోట్లు చాలా ఉన్నాయి.

కీ పేరును చుక్కల దగ్గర విరగ్గొట్టి మధ్య ముక్కను బ్రాంచ్ పేరుగా తీసుకోవద్దు. రిలీజ్-4.2లో చుక్క ఉంది, విరగ్గొడితే రిలీజ్-4 మిగులుతుంది. --నేమ్-ఓన్లీతో వచ్చిన పూర్తి కీని అలాగే --అన్‌సెట్‌కు ఇవ్వాలి.

అన్నీ తీసేయవద్దు. ఎవరైనా కావాలని తమ సొంత బ్రాంచ్‌కు మెర్జెస్ అనో ఇంటరాక్టివ్ అనో పెట్టుకుని ఉండొచ్చు. --అన్‌సెట్‌కు కీ తర్వాత విలువ నమూనా కూడా ఇవ్వొచ్చు. "^ట్రూ$" అని ఇస్తే సరిగ్గా ట్రూ ఉన్నవే పోతాయి. చేత్తో ట్రూ అని రాసుకున్నవాళ్లను మాత్రం ఇది విడదీయలేదు. అందుకని తీసేసే ముందు స్క్రిప్ట్ జాబితా చూపించి అడుగుతుంది. నమూనాను ఒంటి కోట్లలో పెట్టాలి. విండోస్ పాత కమాండ్ ప్రాంప్ట్‌లో ఒంటి కోట్లు కోట్లుగా పనిచేయవు, పైగా టోపీ గుర్తుకు అక్కడ వేరే అర్థం ఉంది. అందుకే గిట్ బాష్‌లో నడపమని రాశారు.

ఎగ్జిట్ కోడ్‌లు చూసుకోవాలి. --గెట్-రెజెక్స్‌పీకి ఏమీ దొరకకపోతే 1 వస్తుంది, --అన్‌సెట్‌కు ఏమీ దొరకకపోతే 5. స్క్రిప్ట్ పైన సెట్ -ఈ (ఎర్రర్ రాగానే ఆగిపొమ్మన్న ఆజ్ఞ) ఉంటే, అసలు రోగమే లేని రిపోలో స్క్రిప్ట్ చప్పుడు చేయకుండా చచ్చిపోతుంది. సబ్‌మాడ్యూళ్లకు (రిపో లోపలి వేరే రిపోలకు) సొంత కాన్ఫిగ్ ఫైళ్లుంటాయి కాబట్టి వాటిలోనూ "గిట్ సబ్‌మాడ్యూల్ ఫోర్‌ఈచ్ --రికర్సివ్"తో నడపాలి. ఒక్క సబ్‌మాడ్యూల్లో సున్నా కాని కోడ్ వచ్చినా ఫోర్‌ఈచ్ అక్కడే ఆగిపోతుంది. కమాండ్ చివర రెండు నిలువు గీతలు, ఒక కోలన్ చేర్చితే ముందుకు సాగుతుంది.

2.46 నుంచి "గిట్ కాన్ఫిగ్ అన్‌సెట్" అనే కొత్త రూపం వచ్చింది. పాత రూపం కొత్త వెర్షన్లలోనూ పనిచేస్తోంది కాబట్టి, 2.25 సర్వర్లు పోయేదాకా స్క్రిప్ట్‌లో పాతదే ఉంచారు. అదే సర్వర్లలో --షో-స్కోప్ కూడా లేదు, అది 2.26లో వచ్చింది. 2.8 నాటి --షో-ఆరిజిన్ ఉంది, ఫైలు దారిని బట్టే స్థాయి తెలిసిపోతుంది. గైడ్‌లో రెండు రూపాలూ ఇచ్చారు.

గైడ్‌ను మళ్లీ రాసిన పద్ధతి

పట్టికను తీసేశారు. పట్టిక గడి ఒక్క వాక్యమే అడుగుతుంది, అవతల ఈ ఆప్షన్లకు ఒక్క వాక్యం చాలదు. ప్రతి ఆప్షన్‌కూ విడి ఎంట్రీ పెట్టి, రాసేవాళ్లు ఏ ప్రశ్ననూ దాటవేయకుండా ఒక అచ్చు తయారుచేశారు. ఈ గొడవకు కారణమైన ఆప్షన్ ఎంట్రీ ఇప్పుడిలా ఉంది:

బ్రాంచ్.ఆటోసెటప్‌రీబేస్
విలువలు: నెవర్, లోకల్, రిమోట్, ఆల్వేస్. ట్రూ, ఫాల్స్ చెల్లవు.
డీఫాల్ట్: నెవర్.
ఎప్పుడు చదువుతుంది: ట్రాకింగ్ బ్రాంచ్ తయారయ్యేటప్పుడు మాత్రమే. పుల్ దీన్ని చూడదు.
ఏం వదిలి వెళ్తుంది: రిపో ఫైల్లో ఆ బ్రాంచ్ పేరు మీద రీబేస్ = ట్రూ.
విలువ మార్చితే: ఇకమీదట పుట్టే బ్రాంచ్‌లకే వర్తిస్తుంది. ఉన్నవాటిని విడిగా శుభ్రం చేయాలి.
చూసుకోవడం: పై షో-ఆరిజిన్ కమాండ్.
వెనక్కి తీసుకోవడం: శుభ్రం చేసే స్క్రిప్ట్.

"ఎప్పుడు చదువుతుంది" అన్న లైను మిగతా ఆప్షన్లలో కూడా దాగి ఉన్నవాటిని బయటికి లాగింది. కోర్.ఆటోసీఆర్ఎల్ఎఫ్‌నే తీసుకోండి. దాన్ని మార్చినంత మాత్రాన డిస్క్ మీదున్న ఫైళ్ల లైన్ ముగింపులు మారవు. ఫైలును చెక్‌అవుట్ చేసేటప్పుడో యాడ్ చేసేటప్పుడో దాని పని. పైగా .గిట్‌ఆట్రిబ్యూట్స్‌లో ఆ ఫైలుకు టెక్స్ట్, ఈఓఎల్ గుణాలు రాసి ఉంటే వాటి మాటే పైచేయి. రిపోలో ఉన్నవాటిని సరిచేయాలంటే 2.16 నుంచి ఉన్న "గిట్ యాడ్ --రీనార్మలైజ్" కావాలి. పాత పట్టికలో దీనికి ఉన్న వివరణ "లైన్ ముగింపులు సరిచేస్తుంది" అన్న ఒక్క మాట. నేతి బీరకాయలో నెయ్యి ఉన్నంత నిజం అది.

"ఎక్కడ పెడితే చెల్లుతుంది" అన్న లైను కొన్ని ఆప్షన్లకే అవసరం, కానీ అవసరమైన చోట తప్పదు. 2022లో 2.35.2తో వచ్చిన సేఫ్.డైరెక్టరీని రిపో సొంత ఫైల్లో పెడితే గిట్ పట్టించుకోదు. అది సిస్టమ్‌లోనో గ్లోబల్‌లోనో కమాండ్‌తోనో రావాలి. నమ్మదగినదో కాదో తేలని రిపోను, నన్ను నమ్మండని తనకు తానే చెప్పుకోనిస్తే ఆ రక్షణకు అర్థం ఉండదు కదా.

డీఫాల్ట్‌ను వెర్షన్ లేకుండా రాయకూడదన్నది ఇంకో నియమం. పుల్ సంగతి పైన చూశాం. పుష్.డీఫాల్ట్ కూడా 2014లో వచ్చిన 2.0తో మ్యాచింగ్ నుంచి సింపుల్‌కు మారింది. కొత్త ఆప్షన్లకు ఎప్పటి నుంచి ఉందో రాయడం ఇంకా ముఖ్యం, ఎందుకంటే తెలియని కీ గురించి గిట్ నోరెత్తదు. 2.37లో వచ్చిన పుష్.ఆటోసెటప్‌రిమోట్‌ను 2.25లో పెడితే హాయిగా రాసుకుంటుంది, పుష్ మాత్రం దాన్ని ఎప్పటికీ చూడదు. అక్షరం తప్పుపడినా అంతే, ఫైల్లో చేరి ఊరకే పడి ఉంటుంది.

ఆప్షన్లను రాసే తీరులోనూ రెండు మార్పులు అవసరమయ్యాయి. మాన్యువల్లో మార్చుకోవాల్సిన మాటను కోణపు బ్రాకెట్లలో, ఇవ్వకపోయినా ఫర్వాలేని దాన్ని చదరపు బ్రాకెట్లలో, మళ్లీమళ్లీ ఇవ్వగలిగినదాని తర్వాత మూడు చుక్కలతో రాస్తారు. చదువుకోవడానికి అది చక్కటి పద్ధతి, అతికించడానికి ప్రమాదం. కోణపు బ్రాకెట్‌ను షెల్ ఫైలు నుంచి ఇన్‌పుట్ తెమ్మన్న ఆజ్ఞగా చదువుతుంది. బ్రాకెట్‌తో సహా అతికించినవాళ్లకు అలాంటి ఫైలు లేదన్న ఎర్రర్ వచ్చి, గిట్ మీద అనుమానపడ్డారు. ఇప్పుడు రూపం చూపే లైను ఒకటి, నిజమైన బ్రాంచ్ పేరుతో ఉదాహరణ ఒకటి, రెండూ విడివిడిగా ఉంటాయి.

రెండోది -సి (ఇంగ్లిష్ చిన్న అక్షరం c). "-సితో విలువ మార్చుకోవచ్చు" అని పాత గైడ్ ఒక మాట అనేసి ఊరుకుంది. ఆ అక్షరం ఎక్కడ నిలబడితే అక్కడ వేరే అర్థం. "గిట్ -సి యూజర్.ఈమెయిల్=... కమిట్" అంటే ఈ ఒక్క కమాండ్‌కు ఆ విలువ. "గిట్ కమిట్ -సి" అంటే తర్వాత ఇచ్చిన కమిట్ మెసేజ్‌ను తెచ్చి ఎడిటర్లో తెరవడం. అక్కడ ఈమెయిల్ ఇస్తే ఆ పేరుతో కమిట్ కోసం వెతికి, దొరక్క ఆగిపోతుంది. "గిట్ స్విచ్ -సి" కొత్త బ్రాంచ్ పుట్టిస్తుంది. అన్నిటికంటే మోసం చేసేది క్లోన్. "గిట్ -సి కీ=విలువ క్లోన్" అయితే క్లోన్ ముగియగానే ఆ విలువ పోతుంది, "గిట్ క్లోన్ -సి కీ=విలువ" అయితే కొత్త రిపో ఫైల్లో ఉండిపోతుంది. ఒంటి అక్షరాన్ని వాక్యంలో వాడొద్దని, ఎప్పుడూ పూర్తి కమాండ్‌తోనే చూపించాలని నియమం పెట్టారు. -సి తర్వాత సమానం గుర్తు వదిలేస్తే విలువ ట్రూ అవుతుందని, సమానం పెట్టి ఖాళీగా వదిలితే బూలియన్ లెక్కలో ఫాల్స్ అవుతుందని కూడా అక్కడే రాశారు.

బూలియన్ల మాట వచ్చింది కాబట్టి: యెస్, ఆన్, 1 కూడా ట్రూయే. టీమ్ హుక్ స్క్రిప్ట్‌లు విలువను "ట్రూ" అన్న అక్షరాలతో పోల్చేవి. యెస్ అని పెట్టుకున్నవాళ్ల దగ్గర హుక్ పనిచేసేది కాదు. "--టైప్=బూల్"తో అడిగితే గిట్ తానే ట్రూ, ఫాల్స్‌గా మార్చి ఇస్తుంది.

గైడ్ మాట తప్పకుండా ఉండటానికి

ఎంట్రీలను టూల్స్ రిపోలోనే టెక్స్ట్ ఫైళ్లుగా పెట్టారు. సీఐలో (మార్పు రాగానే పరీక్షలు నడిపే వ్యవస్థలో) రెండు తనిఖీలు నడుస్తాయి. మొదటిది గైడ్‌లోని కీ పేర్లను "గిట్ హెల్ప్ --కాన్ఫిగ్" ఇచ్చే జాబితాతో పోలుస్తుంది. అక్షర దోషాలు అక్కడే దొరుకుతాయి.

రెండోది ఉదాహరణలను నడిపి చూస్తుంది. ఆటోసెటప్‌రీబేస్‌కు: ఖాళీ బేర్ రిపో, దానికి ఒక క్లోన్, ఆల్వేస్ పెట్టి ట్రాకింగ్ బ్రాంచ్, ఫైల్లో ట్రూ వచ్చిందా; నెవర్‌కు మార్చి, ట్రూ ఇంకా ఉందా; స్క్రిప్ట్ నడిపి, పోయిందా. టీమ్ మద్దతిచ్చే గిట్‌లలో అతి పాతది ఒకటి, అతి కొత్తది ఒకటి తీసుకుని రెండింటి మీదా నడుపుతారు. బిల్డ్ యంత్రం సొంత కాన్ఫిగ్ చొరబడితే పరీక్షకు విలువ లేదు. అందుకని హోమ్‌ను ఖాళీ ఫోల్డర్‌కు తిప్పి, ఎక్స్‌డీజీ_కాన్ఫిగ్_హోమ్‌ను తీసేసి, గిట్_కాన్ఫిగ్_నోసిస్టమ్‌ను 1 చేస్తారు. గిట్_కాన్ఫిగ్_గ్లోబల్ ఇంకా శుభ్రమైన దారే కానీ 2.32 కంటే ముందు లేదు. హోమ్ ఖాళీ చేయగానే కమిట్‌లు నువ్వెవరో చెప్పమని ఆగిపోతాయి. ఆథర్, కమిటర్ పేర్లు, ఈమెయిల్‌లు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గా ఇవ్వాలి.

విధానం మార్చే ప్రతి రివ్యూలో ఇప్పుడు రెండు భాగాలు అడుగుతారు: కొత్త విలువ ఏమిటి, పాత విలువ ఎక్కడెక్కడ ఏం రాసి వెళ్లింది. రెండోదానికి జవాబు లేకుండా మార్పు లోపలికి రాదు.

మిగిలిపోయినవి

ఐడీఈల (కోడ్ రాసే ఎడిటర్ల) పుల్ బటన్లు గైడ్ చేతిలో లేవు. కొన్ని తమ సెట్టింగ్‌ను బట్టి రీబేస్ ఆప్షన్‌ను తామే జోడించి గిట్‌ను పిలుస్తాయి. కొన్ని గిట్ ప్రోగ్రామ్‌ను వాడకుండా సొంత లైబ్రరీతో పని కానిస్తాయి. వీటి విషయంలో షో-ఆరిజిన్ చూపించేది సగం కథే. రిలీజ్ బ్రాంచ్‌ల పని టెర్మినల్లోనే చేయమని గైడ్ చెబుతుంది, కానీ మాటతో ఆగే విషయం కాదిది. అందుకే సర్వర్లో ప్రీ-రిసీవ్ హుక్ పెట్టారు. రిలీజ్ బ్రాంచ్‌కు పుష్ వచ్చినప్పుడు "గిట్ రెవ్-లిస్ట్ --ఫస్ట్-పేరెంట్ --నో-మెర్జెస్ పాత..కొత్త" నడిపి, ఒక్క కమిట్ బయటపడినా పుష్‌ను తిప్పికొడుతుంది. తిప్పికొట్టేటప్పుడు గైడ్‌లోని ఏ ఎంట్రీ చూడాలో కూడా సందేశంలో చెబుతుంది. కొత్త బ్రాంచ్ తొలి పుష్‌లో పాత హ్యాష్ అన్నీ సున్నాలుగా వస్తుంది. అప్పుడు ఆ రేంజ్ చెల్లదు కాబట్టి ఆ సందర్భాన్ని హుక్‌లో విడిగా వదిలేయాలి.